చలికాలం దాచిన ట్రైలర్‌లోకి మళ్లీ నీళ్లు ఎక్కించడం: నా అనుభవం

ఉగాది పచ్చడి తినే నాటికి మిషిగన్‌లో పార్కింగ్ లాట్ల మూలల్లో మంచు కుప్పలు ఇంకా నల్లబడి కూర్చునే ఉంటాయి. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాయగానే, క్యాంపింగ్‌కి బండి వెనక తగిలించుకెళ్లే ట్రైలర్ మీది కవరు లాగేసి నీళ్లు పెట్టేద్దామా అనిపిస్తుంది. ఆగడం మంచిది. చలికాలమంతా పైపుల్లో పింక్ యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం, కాపలా ఉంటుంది కాబట్టి ఎంత చలైనా పైపు పగలదు. దాన్ని కడిగేసి మంచినీళ్లు నింపాక ఒక రాత్రి 25 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగి తెల్లవార్లూ అక్కడే ఉంటే నీళ్లు గడ్డకట్టి పైపు పగలకుండా ఇక అడ్డేమీ ఉండదు. అందుకే నేను మే మొదటి రెండు వారాల్లో, ముందున్న పది రాత్రుల్లో ఏదీ 35కి తక్కువ లేదని చూసుకున్నాకే చెయ్యి పెడతాను. మెమోరియల్ డే మే చివరి సోమవారం కదా, ఆ వారాంతపు క్యాంపింగ్‌కి అందుకోవడానికి ఈ వ్యవధి చాలు.

చాలామంది దిగులంతా ఆ పింక్ రంగు పోతుందా లేదా అన్నదాని మీదే. అది పావుగంట పని. అసలు పని పగుళ్లు వెతకడం. చలికి ఎక్కడో చిట్లిన ప్లాస్టిక్ ముక్క చలికాలమంతా చప్పుడు చెయ్యదు. లోపలికి ఒత్తిడితో నీళ్లు వచ్చినప్పుడే బయటపడుతుంది. కాబట్టి నీళ్లు ఏ వరుసలో, ఎంతెంత వదులుతామన్నదే ముఖ్యం.

మా ట్రైలర్ కొలతలు చెప్తాను, మీవి వేరైతే ఆ నిష్పత్తిలో మార్చుకోండి. మంచినీళ్ల ట్యాంకు 45 గ్యాలన్లు, అంటే సుమారు 170 లీటర్లు. వాటర్ హీటర్ 6 గ్యాలన్లు. పంపు 12 వోల్టులది, నీళ్ల ఒత్తిడి 55 పీఎస్‌ఐకి చేరగానే దానంతట అదే ఆగుతుంది. అక్టోబర్‌లో మూసేటప్పుడు ట్యాంకూ హీటరూ ఖాళీ చేసి, హీటర్‌ని బైపాస్ చేసి (అంటే నీళ్లు దానిలోకి పోకుండా పక్కనుంచి పోయేలా వాల్వులు తిప్పి), పంపు పక్కనున్న చిన్న గొట్టంతో యాంటీఫ్రీజ్ పీల్పించాను. అంటే పింక్ ద్రవం ఉన్నది పంపు నుంచి కుళాయిల దాకా ఉన్న పైపుల్లో, సింకుల కింది వంపుల్లో మాత్రమే. ట్యాంకులోకి, హీటర్‌లోకి పోనివ్వలేదు. పొరపాటున పోస్తే మాత్రం ఎన్ని నీళ్లు నింపి వదిలినా నురగ వస్తూనే ఉంటుంది. ఇంకొక మాట. యాంటీఫ్రీజ్ డబ్బా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉందో లేదో కొనేటప్పుడే చదవాలి. చవగ్గా దొరికే వాటిలో కొన్ని ఇథనాల్‌తో చేసినవి. వాటికి రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ఆ వాసన, రుచి కూడా ఓ పట్టాన వదలవు. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఈ ఛాయలకే తేకూడదు.

సామాన్లు ముందే పక్కన పెట్టుకుంటే మధ్యలో దుకాణానికి పరిగెత్తే పని ఉండదు. తాగునీటికి వాడే తెల్ల గొట్టం, ప్రెషర్ రెగ్యులేటర్, రాట్చెట్‌తో పాటు 1-1/16 అంగుళాల సాకెట్, టెఫ్లాన్ టేపు, గొట్టానికి వేసే రబ్బరు వాషర్లు నాలుగు, వాసన లేని మామూలు బ్లీచ్, కొలత కప్పు, టార్చి, ఒక టాయిలెట్ పేపర్ చుట్ట. చివరిది ఎందుకో తర్వాత చెప్తాను.

నీళ్లు ముట్టుకోకముందు అరగంట ఊరికే చూస్తాను. బ్యాటరీ బిగించి ఛార్జ్ అయ్యిందో లేదో చూడటం మొదటిది, ఎందుకంటే బలహీనమైన బ్యాటరీతో పంపు సరిగ్గా ఒత్తదు, తప్పు పంపుదనుకుంటాం. తర్వాత మంచం కింద, సింకు కింద, షవర్ వెనక ఉన్న పలకలన్నీ విప్పేస్తాను. ఎలుకలు చేరి ఉంటే అక్కడే తెలుస్తుంది. అవి పెక్స్ అనే ప్లాస్టిక్ నీళ్ల పైపుని కూడా కొరుకుతాయి. ట్రైలర్ అడుగున ఎరుపు, నీలం మూతలతో వేలాడే రెండు పొట్టి పైపులు ఉంటాయి, లో పాయింట్ డ్రెయిన్లు అంటారు. వాటి మూతలు బిగించాలి. ట్యాంకు కింది వాల్వు మూయాలి. గ్రే ట్యాంకు (సింకు, షవర్ నీళ్లు చేరేది), బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) వాల్వులు కూడా మూసి ఉండాలి, లేకపోతే కడిగిన పింక్ నీళ్లన్నీ చక్రాల పక్కనే పారతాయి. బయటి షవర్ పెట్టె తెరిచి దాని రెండు పిడులూ కట్టెయ్యాలి. దీన్ని మర్చిపోవడం చాలా మామూలు. ఫిల్టర్ డబ్బాలో కాట్రిడ్జ్ పెట్టకుండా ఖాళీగా బిగించాలి, దాని ఓ-రింగ్ (రబ్బరు రింగు) గాడిలో సరిగ్గా కూర్చోవాలి. హీటర్ కరెంటు స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడాలి. సబర్బన్ కంపెనీ హీటర్లలో లోపలి స్విచ్ కాక బయటి తలుపు వెనక, కింది ఎడమ మూలన ఇంకో చిన్న నల్ల స్విచ్ ఉంటుంది. రెండూ ఆఫ్. నీళ్లు లేని హీటర్‌లో ఎలిమెంట్‌కి కరెంటు తగిలితే అది కాలిపోవడానికి పెద్దగా సేపు పట్టదు. హీటర్ బైపాస్ మాత్రం ఇప్పుడు కదిలించను. పైపులు కడగడం పూర్తయ్యేదాకా అది బైపాస్‌లోనే ఉండాలి, లేకపోతే పింక్ అంతా 6 గ్యాలన్ల తొట్టిలోకి పోతుంది.

మొదట పంపుతోనా, ఇంటి కుళాయికి గొట్టం తగిలించా? ఎక్కువమంది గొట్టమే తగిలిస్తారు. నేను పంపే అంటాను. గొట్టం వెనక ఊరి నీళ్లన్నీ ఉన్నాయి. గోడ లోపల పైపు విడిపోయి ఉంటే మనం తేరుకునేలోపు నేల చెక్క నానిపోతుంది. పంపు వెనక ఉన్నది నేను ట్యాంకులో పోసిన 10 గ్యాలన్లే, అదీ ఒక స్విచ్ నొక్కితే ఆగుతుంది. పైగా పంపు చప్పుడే సగం పరీక్ష చేసి పెడుతుంది.

అలా 10 గ్యాలన్లు పోసి, పంపు పక్కనున్న వాల్వుని యాంటీఫ్రీజ్ గొట్టం వైపు నుంచి ట్యాంకు వైపు తిప్పి, వంటింటి చల్లనీళ్ల కుళాయి తెరిచి స్విచ్ వేస్తాను. మొదట కుళాయి దగ్గుతుంది, గాలి కక్కుతుంది, తర్వాత పింక్ వస్తుంది, తర్వాత నురగ, తర్వాత తేట నీళ్లు. పంపు తిరుగుతున్నా ఒకటి రెండు నిమిషాల్లో ఏమీ రాకపోతే ఆపెయ్యాలి. పది సార్లలో ఆరేడు సార్లు కారణం ఆ వాల్వు తిప్పడం మర్చిపోవడమే. కాకపోతే పంపు ముందు ఉండే పారదర్శకపు జల్లెడ గిన్నె చూడండి. దాని మూత వదులైనా, ఓ-రింగ్ ఎండినా పంపు నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది. గిన్నెలో నీళ్లు బుడగలతో ఎగిరెగిరి పడుతుంటే అదే. విప్పి, రింగుకి సిలికాన్ గ్రీజు పూసి, చేత్తోనే బిగిస్తే చాలు. వాజలిన్ లాంటి పెట్రోలియం జిడ్డు వాడొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కుళాయిల చివర జాలీలు ముందే విప్పేసి ఒక గిన్నెలో వేసుకోవాలి, షవర్ తల కూడా. పైపుల్లో రాలిన సున్నపు రేకులూ ప్లాస్టిక్ పొట్టూ అక్కడే అడ్డం పడతాయి. ప్రతి చోటా చల్లవైపు, తర్వాత వేడివైపు తేట నీళ్లు వచ్చాక ఇంకో అర నిమిషం వదులుతాను. వంటిల్లు, వాష్ బేసిన్, షవర్, టాయిలెట్, బయటి షవర్. టాయిలెట్‌లో నీళ్లు గిన్నెలో నిలవాలి. పదినిమిషాల్లో ఇంకిపోతే కింది సీలు ఎండింది, కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే సాధారణంగా దారికొస్తుంది.

ఇప్పుడు అన్నీ కట్టేసి, పంపు స్విచ్ మాత్రం వేసే ఉంచి, ట్రైలర్‌లో నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఫ్యాను, ఫోను, పాటలు, ఏమీ వద్దు. పంపు ఒత్తిడి నింపుకుని ఆగుతుంది. అరగంట ఆగే ఉంటే నిశ్చింత. ఏ కుళాయీ తెరవకుండానే అయిదు నిమిషాలకోసారి "గుర్ర్" మని ఒక్క క్షణం తిరిగి ఆగిందంటే ఎక్కడో ఒత్తిడి జారిపోతోంది. అప్పుడు టాయిలెట్ పేపర్. చిన్న ముక్క మడిచి ప్రతి జాయింటు కింద తుడుస్తూ పోతాను. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద నాణెమంత మచ్చగా కనపడుతుంది. వేలితో తడిమితే చల్లటి పైపుకీ తడి పైపుకీ తేడా తెలియదు, కాగితం అబద్ధం చెప్పదు.

ఎక్కడెక్కడ వెతకాలి? టాయిలెట్ వెనక నీళ్ల వాల్వు మొదటిది. అది పల్చటి ప్లాస్టిక్, లోపల రెండు చుక్కలు మిగిలినా చలికి వెంట్రుకవాసి గీత పడుతుంది. గీత పడితే అతికించడం దండగ, వాల్వు మార్చాలి. తర్వాత బయటి షవర్ లోపలి వైపు, ఫిల్టర్ డబ్బా మూత, షవర్ మిక్సర్ వెనక. కుళాయిల కింద చేత్తో తిప్పే ప్లాస్టిక్ నట్లు ఉంటాయి, లోపల శంఖం ఆకారపు రబ్బరు వాషరు. చలికి, రోడ్డు కుదుపులకి ఇవి వదులవుతాయి. చేత్తో బిగించి ఇంకో పావు చుట్టు, అంతే. పానా వేసి బలంగా తిప్పితే నట్టు చిట్లుతుంది. లీకు ఆగకపోతే విప్పి వాషరు మార్చండి, ఇంకా బిగించకండి. పెక్స్ పైపు మీద నలిపిన రాగి రింగుల దగ్గర మాత్రం పెద్దగా లీకవదు. నిజానికి పెక్స్ కాస్త సాగుతుంది, పగిలేది దానికి తగిలించిన ప్లాస్టిక్ మూల జాయింట్లూ, T ఆకారపు జాయింట్లూ.

ఏ జాయింటూ తడవకుండానే పంపు తిరుగుతోందా? బయటికి వెళ్లి, ఊరి నీళ్ల గొట్టం తగిలించే చోట చూడండి. అక్కడి నుంచి చుక్కలు రాలుతుంటే లోపలి చెక్ వాల్వు (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) సరిగ్గా మూసుకోవడం లేదు. దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకొకటి ఉంది. గొట్టం తగిలించినప్పుడు, మనం పోయకుండానే మంచినీళ్ల ట్యాంకు నిండిపోయి గాలి గొట్టంలోంచి పొంగుతుంటే పంపు లోపలి చెక్ వాల్వు పాడైంది.

పంపు పరీక్ష దాటాకే గొట్టం. రెగ్యులేటర్ ట్రైలర్ వైపు కాదు, ఇంటి కుళాయి వైపు బిగించాలి, అప్పుడు గొట్టానికీ రక్షణ. 50 పీఎస్‌ఐ దగ్గర పెడతాను. క్యాంప్‌గ్రౌండ్లలో 80 దాటడం వింత కాదు. గొట్టం తగిలించే ముందు ఆ చోట ఉన్న చిన్న జాలీ వాషరు తీసి కడగండి. చెక్ వాల్వు వెనక చెంచాడు పింక్ నిలిచి ఉంటుంది, గొట్టం పెట్టి ఒక కుళాయి తెరిస్తే పోతుంది. గొట్టంతో ఇంకో పావుగంట కాగితం పరీక్ష.

ఇక హీటర్. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. సబర్బన్ హీటర్ తొట్టి లోపల పింగాణీ పూత వేసిన ఉక్కు. అందులో ఆనోడ్ రాడ్ అనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. నీళ్లు ఉక్కుని తినకుండా ముందు దాన్ని తింటాయి. కొత్తది నున్నటి బొటనవేలంత లావు కడ్డీ, రెండేళ్ల తర్వాత తీస్తే చీమలు తొలిచిన చెరుకు ముక్కలా ఉంటుంది, ఒక్కోచోట లోపలి సన్నటి తీగ బయటపడి కనిపిస్తుంది. నాలుగింట మూడొంతులు కరిగితే మార్చెయ్యాలి. అట్‌వుడ్ హీటర్ అయితే తొట్టి అల్యూమినియం, దానికి ఆనోడ్ ఉండదు, నైలాన్ బిరడా ఉంటుంది. దాని మర తొందరగా అరుగుతుంది, ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి, పోయిందని ఇత్తడి బిరడా పెట్టకండి. ఖాళీ తొట్టిలోకి సన్నటి గొట్టం పెట్టి తెల్లటి సున్నపు పలుకులు పోయేదాకా కడిగి, మరకి టెఫ్లాన్ టేపు మూడు చుట్లు వేసి, మొదట చేత్తో తిప్పి వంకర పోలేదని చూసుకుని, తర్వాత సాకెట్‌తో బిగిస్తాను. నీళ్లున్న హీటర్‌కి ఈ బిరడా విప్పాల్సి వస్తే ముందు నీళ్లు చల్లారనిచ్చి, పంపు ఆపి, కుళాయి తెరిచి ఒత్తిడి తీసెయ్యాలి. లేకపోతే కడ్డీ బాణంలా వస్తుంది, వెనకే వేడినీళ్లు.

తర్వాత బైపాస్ తిప్పడం. మూడు వాల్వుల పద్ధతిలో హీటర్‌కి వెళ్లే పైపు, వచ్చే పైపు తెరవాలి, మధ్యలో అడ్డంగా కలిపే దాన్ని మూయాలి. ఇక్కడే అందరూ మోసపోయే మెలిక ఉంది. బైపాస్‌లో ఉన్నా వేడినీళ్ల కుళాయిలోంచి నీళ్లు ధారగా వస్తాయి. అది చూసి హీటర్ నిండిందనుకుని స్విచ్ వేస్తారు. హీటర్ నిజంగా నిండుతుంటే వేడి కుళాయి రెండు మూడు నిమిషాల పాటు ఉత్త గాలే ఊదాలి, ఎందుకంటే ముందు 6 గ్యాలన్లు తొట్టిలోకి పోవాలి. వెంటనే నీళ్లు వచ్చాయంటే బైపాస్ ఇంకా తెరిచే ఉందన్నమాట. చివరి రుజువు బయటి రిలీఫ్ వాల్వు (ఒత్తిడి ఎక్కువైతే దానంతట అదే తెరుచుకునేది) పిడి ఎత్తడం. నీళ్లు చిమ్మితే తొట్టి నిండినట్టు.

కానీ దీన్ని నేను మామూలు నీళ్లతో నింపను, బ్లీచ్ నీళ్లతో నింపుతాను. లెక్క ఇది. ప్రతి 15 గ్యాలన్లకి పావు కప్పు బ్లీచ్. మా 45 గ్యాలన్లకి ముప్పావు కప్పు, అంటే 180 మిల్లీలీటర్లు. చిక్కగా చిందకుండా ఉండే రకం, పూల వాసన రకం వద్దు. ఏడాది దాటిన సీసాలో పస తగ్గి ఉంటుంది. బ్లీచ్‌ని నేరుగా ట్యాంకులో పోయకుండా ఒక గ్యాలన్ నీళ్లలో కలిపి పోసి, పైనుంచి గొట్టంతో ట్యాంకు నింపితే బాగా కలుస్తుంది. గొట్టం తీసి, పంపు వేసి, ప్రతి కుళాయీ రెండు వైపులా బ్లీచ్ వాసన వచ్చేదాకా వదలాలి, బయటి షవర్‌తో సహా. హీటర్ నిండేది కూడా ఇప్పుడే. అందుకు వేరే బ్లీచ్ అక్కర్లేదు, ట్యాంకులోంచి పోయేది కలిపిన నీళ్లే. అయితే హీటరూ పైపులూ కలిసి ఎనిమిది గ్యాలన్ల దాకా తాగేస్తాయి, ట్యాంకు పై గోడలు తడవకుండా మిగులుతాయి. ఆ ఎనిమిది గ్యాలన్లు మళ్లీ పోస్తూ రెండు పెద్ద చెంచాల బ్లీచ్, సుమారు 30 మిల్లీలీటర్లు, కలుపుతాను. ఆ తర్వాత నాలుగు గంటలు కదిలించకూడదు. రాత్రంతా ఉన్నా ఫరవాలేదు, రోజుల తరబడి మాత్రం వద్దు. ఫిల్టర్ కాట్రిడ్జ్ ఇప్పుడు పెడితే అందులోని కార్బన్ క్లోరిన్‌నంతా తాగేసి, తర్వాతి పైపుల్ని శుద్ధి కానివ్వదు. అందుకే ఆ డబ్బా ఇంకా ఖాళీ.

ఖాళీ చెయ్యడం డంప్ స్టేషన్ (ట్రైలర్ల మురుగు నీళ్లు వదిలే చోటు) దగ్గరే చేస్తాను. వీధి పక్క వాన నీళ్ల జాలీలోకి వదలడం పద్ధతి కాదు, అది నేరుగా వాగులోకి పోతుంది, క్లోరిన్ చేపలకి పడదు. పైగా దారిలో కుదుపులకి బ్లీచ్ నీళ్లు ట్యాంకు పైకప్పుని కూడా తడుపుతాయి. హీటర్ కూడా ఖాళీ చేసి, మంచినీళ్లతో నింపి వదలడం రెండుసార్లు. రెండోసారికి వాసన దాదాపు ఉండదు. కాస్త మిగిలితే గ్లాసెడు బేకింగ్ సోడా కలిపిన నీళ్లు ఒక ప్రయాణం పాటు ట్యాంకులో తిప్పి వదిలెయ్యండి. వెనిగర్ చిట్కా చాలామంది చెప్తారు. బ్లీచ్ పూర్తిగా కడగకముందు వెనిగర్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఆ ఇరుకు గదిలో అది ప్రమాదం.

హీటర్ వెలిగించే ముందు బయటి తలుపు తీసి బర్నర్ గొట్టంలోకి టార్చి వేసి చూడాలి. సాలీళ్లు చేరి గొట్టంలో గూళ్లు కడతాయి. ఆ గూడుంటే మంట నీలంగా నిలబడక పసుప్పచ్చగా బయటికి నాలుక చాస్తుంది. సన్నటి బ్రష్‌తో లాగేస్తే సరి. రిలీఫ్ వాల్వు నుంచి నీళ్లు వస్తున్నాయని మరోసారి చూసి, గ్యాస్ వెలిగిస్తాను. ఇరవై నిమిషాల నుంచి అరగంటలో నీళ్లు కాగుతాయి. కరెంటు ఎలిమెంట్ స్విచ్ అన్నింటికన్నా చివర.

కాగేటప్పుడు రిలీఫ్ వాల్వు నుంచి చుక్కలు రాలితే చాలామంది వాల్వు కొత్తది కొనేస్తారు. తొట్టి పైభాగంలో కాస్త గాలి ఉండాలి, వేడికి ఉబ్బిన నీళ్లకి చోటు అదే. ఆ గాలి నీళ్లలో కలిసిపోతే ఒత్తిడి పెరిగి వాల్వు కక్కుతుంది. హీటర్ ఆపి, చల్లారాక, నీళ్లు కట్టేసి, ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి, రిలీఫ్ వాల్వు పిడి ఎత్తి నీళ్లు రావడం ఆగేదాకా పట్టుకుని వదిలేస్తే గాలి మళ్లీ చేరుతుంది. ఆ తర్వాత కూడా కారితే వాల్వు మార్చండి. వేడినీళ్లకి మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హీటర్ తొట్టిలో నిలవున్న నీళ్ల పని. ఇంకోసారి బ్లీచ్ పట్టిస్తే పోతుంది.

జాలీలు వెనిగర్‌లో నానబెట్టి తిరిగి పెట్టడం, కొత్త కాట్రిడ్జ్ బిగించి ఆ మొదటి నల్ల నీళ్లు వదిలెయ్యడం, బ్లాక్ ట్యాంకులో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు మందుతో పోయడం చిల్లర పనులు. మొదటి ప్రయాణం నుంచి రాగానే మాత్రం మళ్లీ ఒకసారి కాగితం పరీక్ష చేస్తాను, కుదుపులకి నట్లు వదులయ్యేది ఆ ప్రయాణంలోనే. బైపాస్ పిడి పక్కన మాస్కింగ్ టేపు మీద "హీటర్‌లోకి", "హీటర్ తప్పించి" అని తెలుగులో రాసి అంటించాను, అక్టోబర్ చలిలో మంచం కింద దూరి టార్చి వెలుగులో చదవాల్సింది నేనే కాబట్టి.